ఎడమామే రకాలు, మన జిల్లాల పగటి నిడివి

సంపాదకులకు నమస్కారం.

చల్లని ప్రాంతాలకు అనువైన ఎడమామే (పచ్చికాయగా కోసి ఉడికించి తినే సోయా) రకాలను పోలుస్తూ మీ పత్రిక సేద్యం పేజీలో వచ్చిన వ్యాసాన్ని చదివి, అనంతపురం పరిసరాల్లో బోరు కింద కూరగాయలు పండించే రైతులు కొందరు, మిద్దెతోటలు పెంచుకునే ఉద్యోగులు మరికొందరు ఆ విత్తనాల కోసం ఆరా తీయడం మొదలుపెట్టారు. కార్తీకం నుంచి సంక్రాంతి దాకా మనకూ చలి ఉంటుంది కాబట్టి, చలిదేశపు రకాలను ఆ నెలల్లో వేసుకుంటే సరిపోతుందని వారి ఆలోచన. వ్యాసంలో రకాల గుణగణాల గురించి చెప్పిన మాటలతో నాకు పేచీ లేదు. అయితే ఆ పోలిక ఏ అక్షాంశం దగ్గర చెల్లుతుందో, ఏ నెలలో విత్తితే చెల్లుతుందో చెప్పకుండా వదిలేయడం వల్ల, ఉమ్మడి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల పాఠకులకు అది చేటు చేసే అవకాశం ఉంది. వ్యవసాయ విస్తరణ పనిలో చాలాకాలం గడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాడిగా ఈ విషయాన్ని కొంచెం వివరంగా రాయాలనిపించింది.

ఎడమామే అంటే వేరే పంటేమీ కాదు, సోయాబీన్‌నే. గింజ ముదిరి ఎండిపోకముందే, కాయలో ఎనభై తొంభై శాతం నిండి పచ్చగా ఉన్నప్పుడే కోసి, ఉప్పునీళ్లలో ఉడికించి, గింజలను ఒలుచుకుని తింటారు. ఉడకబెట్టిన పల్లికాయలు, పచ్చి కందికాయలు తిని పెరిగిన మన ప్రాంతం వారికి ఈ తిండి కొత్తగా అనిపించదు. సోయా గింజల్లో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే పదార్థాలు ఉంటాయి కాబట్టి వీటిని పచ్చివిగా తినకూడదని మాత్రం గుర్తుంచుకోవాలి.

చలిదేశాల్లో ఏ రకాలను ఎందుకు మెచ్చుకుంటారో ముందుగా చూద్దాం. అమెరికా ఈశాన్య మూలన ఉన్న న్యూ హాంప్‌షైర్ విశ్వవిద్యాలయంలో ఎల్విన్ మీడర్ రూపొందించిన ‘ఎన్వీ’ అక్కడి ఇంటి తోటల్లో బాగా పేరు తెచ్చుకుంది. విత్తిన 75 రోజుల చుట్టుపక్కల కోతకు వస్తుంది, మొక్క రెండడుగులకు మించదు, కాయలన్నీ దాదాపు ఒకేసారి తయారవుతాయి. గింజ చిన్నది, రుచి ఫరవాలేదు. స్వీడన్‌లో స్వెన్ హోల్మ్‌బెర్గ్ చేసిన ప్రయత్నాల నుంచి వచ్చిన ‘ఫిస్కెబి’ రకాలు ఇంకా ఉత్తరాన, 58 డిగ్రీల అక్షాంశం పైన కూడా గింజ కట్టగలవు. చలిని ఓర్చుకోవడంలో వాటికి సాటి వచ్చేవి తక్కువే గానీ, మొదట ఎండు గింజ కోసం తయారైనవి కావడంతో కాయ చిన్నదిగా ఉంటుంది. ‘మిడోరి జెయంట్’, ‘చిబా గ్రీన్’ రెండూ తొందరగా వస్తూనే పెద్ద కాయ ఇస్తాయి కాబట్టి అమ్మకానికి పండించేవారు వాటి వైపు మొగ్గుతారు. ‘సాయముసుమే’, ‘బటర్‌బీన్స్’ మరో పది పదిహేను రోజులు ఎక్కువ తీసుకుంటాయి, తీపిలో మాత్రం పైచేయి వాటిదే. జపాన్‌లో యమగత రాష్ట్రపు త్సురువొకలో పండే ‘దదచమామే’ వీటన్నిటికీ భిన్నమైనది. కాయ మీది నూగు గోధుమరంగులో ఉండి చూపుకు అంత బాగుండదు గానీ, బాస్మతి బియ్యానికి సువాసననిచ్చే 2-అసిటైల్-1-పైరోలీన్ అనే పదార్థమే ఇందులోనూ ఉండడం వల్ల దాని ఖరీదే వేరు. హ్యోగో ప్రాంతపు ‘తన్‌బగురో’ నల్ల సోయా వంద ఎండు గింజలు 70–80 గ్రాముల దాకా తూగుతాయి. అక్టోబరు దాకా ఆగితే గానీ దాని పచ్చికాయ చేతికి రాదు కాబట్టి మంచు తొందరగా పడే చోట అది అక్కరకు రాదు.

ఇలాంటి పోలికలో చలిదేశపు రైతు వెతికేది ఒక్కటే: వసంతంలో చివరి మంచు వెళ్లిపోయాక విత్తి, శరదృతువులో మొదటి మంచు పడేలోగా కోసుకోగలనా అని. నేల వేడి 15 డిగ్రీలకు చేరకముందే విత్తితే గింజ చల్లని నీటిని పీల్చుకుని, మొలకెత్తకుండానే కుళ్లిపోతుంది. పూత సమయంలో చలి ఎక్కువైతే పిందె రాలిపోతుంది. వేసవి చల్లబడిన సంవత్సరాల్లో జపాన్ ఉత్తర దీవి హొక్కయిదోలో సోయా రైతులు నష్టపోయేది ఇందువల్లే. సంచి మీద అచ్చువేసే 75, 85, 90 రోజులన్నవి కూడా ఆ విత్తన సంస్థ ఉన్న చోటి వేసవిని బట్టి వేసిన లెక్కలే. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 75 రోజులకు వచ్చే రకం, అంతకంటే చల్లగా ఉండే ఇంగ్లండ్ వేసవిలో మూడు నెలలు దాటినా ఆశ్చర్యం లేదు.

ఇంతవరకూ ఉష్ణోగ్రత గురించే. సోయాకు ఉష్ణోగ్రత ఒక్కటే లెక్క కాదు. రాత్రి ఎంతసేపు ఉంటుందో కూడా అది కనిపెడుతుంది. ఈ సంగతి ప్రపంచానికి తెలియడంలో సోయా పాత్ర పెద్దది. అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అల్లార్డ్ అనే శాస్త్రవేత్తలు ‘బిలాక్సీ’ అనే సోయా రకాన్ని వసంతం నుంచి వేసవి దాకా కొన్నాళ్లకొకసారి విత్తుతూ పోతే, ముందు విత్తినవీ వెనుక విత్తినవీ అన్నీ సెప్టెంబరులోనే పూతకు వచ్చాయి. అది పగలు కురచబడడం వల్లనే జరుగుతోందని వారు 1920లో ప్రకటించారు. మన రైతులకు ఈ ప్రవర్తన కందిలో కొత్తేమీ కాదు. జూన్, జూలైల్లో వేస్తే మనిషెత్తు పెరిగి ఆరు నెలలకు కోతకొచ్చే కంది, అక్టోబరులో వేస్తే నడుమెత్తు కూడా రాకుండానే పూతకొచ్చి చాలా ముందుగా ముగిసిపోతుంది. అందుకే రబీ కందికి సాలుకూ సాలుకూ, మొక్కకూ మొక్కకూ మధ్య దూరం తగ్గించమని శాస్త్రవేత్తలు చెబుతారు. సోయాలోనూ జరిగేది ఇదే.

జపాన్ రైతులు సోయాను వేసవి రకాలు, శరదృతువు రకాలు అని విడదీస్తారు. పగటి నిడివిని పెద్దగా పట్టించుకోకుండా వేడి తగలగానే పూసేవి వేసవి రకాలు. పగలు కురచబడే దాకా ఆగేవి శరదృతువు రకాలు. అమెరికా, కెనడాల్లో దీన్నే మరింత సూక్ష్మంగా 000 నుంచి 10 దాకా 13 వర్గాలుగా విభజించారు. సున్నాల వర్గాల్లోనివి కెనడాకు, పెద్ద అంకెలవి దక్షిణాదికి. తొందరగా వచ్చే ఉత్తరాది రకాల్లో పూతను ఆపి ఉంచే ఇ1, ఇ3, ఇ4 లాంటి జన్యువుల్లో కొన్ని పనిచేయవు, కాబట్టే పదిహేను, పద్దెనిమిది గంటల పగటిలో కూడా అవి పూయగలుగుతున్నాయి. అక్కడ అది వరం. ఆ గుణాన్నే మన దగ్గరికి తెచ్చుకుంటే ఏమవుతుందన్నదే వ్యాసంలో లేని విషయం.

అనంతపురం 14.7 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉంది. కడప దానికి కొంచెం కింద, కర్నూలు కొంచెం పైన. మన దగ్గర జూన్ చివర అత్యంత పొడవైన పగలు దాదాపు 13 గంటలు, డిసెంబరు చివర అత్యంత కురచ పగలు 11 గంటల 15 నిమిషాలు. హొక్కయిదో రాజధాని సప్పొరోలో జూన్ పగలు 15 గంటల 20 నిమిషాలు దాటుతుంది, ఫిస్కెబి పుట్టిన చోట 18 గంటలు. ఉష్ణోగ్రత మాట చూస్తే, అనంతపురంలో జనవరి రాత్రులు సాధారణంగా 17 డిగ్రీల దగ్గర, పగళ్లు 30 డిగ్రీల దగ్గర ఉంటాయి. సప్పొరోలో ఆగస్టు రాత్రి ఇంచుమించు ఇంతే, పగలు ఇంకా తక్కువ. అంటే మనం గజగజ వణికే రోజులు కూడా ఎడమామే మొక్కకు నిండు వేసవే. చలిని ఓర్చుకునే గుణానికి అదనపు డబ్బు పెట్టి విత్తనం కొంటే మన నేలలో ఆ గుణంతో పనే పడదు. పైగా ఆ గుణంతో పాటు వచ్చే తొందరపాటు మాత్రం నష్టం చేస్తుంది. కురచ పగలు, వెచ్చని గాలి రెండూ కలిసి తోసేసరికి ఎన్వీ లాంటి రకం నెల తిరక్కుండానే అడుగెత్తులో పూత వేస్తుంది. కణుపులు తక్కువ కాబట్టి కాయలూ తక్కువే. శరదృతువు రకాలకు కూడా మన పగలు ఎప్పుడూ కురచే కాబట్టి, ఉత్తరాదిలో నెల, నెలన్నర తేడాతో వచ్చే రకాల మధ్య దూరం ఇక్కడ బాగా కుంచించుకుపోతుంది. అక్కడి పట్టికలో ముందు, నడిమి, వెనుక అని విడదీసి చూపే తేడా మన మడిలో అంతగా కనబడదు.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. బెంగళూరు చల్లగానే ఉంటుంది కదా, మన రాష్ట్రంలోనే చింతపల్లి, అరకు ఇంకా చల్లన కదా, అక్కడైనా చలిదేశపు రకాలు బాగా రావా అని. ఎత్తు వల్ల వచ్చే చలి వేరు, ఉత్తరాన ఉండడం వల్ల వచ్చే చలి వేరు. హార్స్‌లీ కొండ ఎక్కినా పగటి నిడివి మదనపల్లెలో ఉన్నంతే. కొండ మీది చల్లదనం వల్ల గింజ నింపుకునే కాలం సాగి తీపి పెరగవచ్చు గానీ, పూత తొందరపడడాన్ని అది ఆపదు. సోయాను భూమధ్యరేఖకు చేరువగా తీసుకుపోవాలనుకున్న బ్రెజిల్ శాస్త్రవేత్తలు ఈ చిక్కును దాటడానికి, కురచ పగటిలో కూడా కొన్నాళ్లు పూయకుండా పెరిగే గుణం ఉన్న రకాలను ప్రత్యేకంగా తయారుచేసుకోవలసి వచ్చింది. మనకు కావలసింది ఆ దారిలో వచ్చిన రకాలు.

అలాంటివి అసలే లేవని కాదు. 1971లో తైవాన్‌లో స్థాపితమై, ఇప్పుడు ప్రపంచ కూరగాయల కేంద్రంగా పిలుస్తున్న సంస్థ, ఉష్ణమండలానికి సరిపోయే కూరగాయ సోయా (ఎడమామేకే మరో పేరు) రకాలను దశాబ్దాలుగా అభివృద్ధి చేసి ఎన్నో దేశాలకు పంచింది. జపాన్ తినే ఎడమామేలో గణనీయమైన భాగం 22, 23 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్న దక్షిణ తైవాన్ పొలాల నుంచి గడ్డకట్టించి వెళ్లేదే అన్న సంగతిని, చల్లని వాతావరణమే దీనికి ముఖ్యమనుకునేవారు గమనించాలి. మన దేశంలో బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం ‘కరుణె’ అనే కూరగాయ సోయా రకాన్ని విడుదల చేసింది. రాంచీలోని భారత వ్యవసాయ పరిశోధన మండలి కేంద్రం నుంచి ‘స్వర్ణ వసుంధర’ వచ్చింది. అనంతపురానికి బెంగళూరు అక్షాంశంలో రెండు డిగ్రీల దూరం కూడా లేదు. కాబట్టి ఈ జిల్లాల వారు ఏ పోలికైనా కరుణెతో మొదలుపెట్టడం సబబని నా అభిప్రాయం.

పోల్చేటప్పుడు దేన్ని కొలవాలన్నది కూడా ముఖ్యమే. ఎడమామేను కొనేవారు ఎకరాకు ఎన్ని బస్తాలని అడగరు, కాయ ఎలా ఉందని చూస్తారు. తైవాన్ కేంద్రం పెట్టుకున్న కొలతల ప్రకారం వంద ఎండు గింజలు 30 గ్రాములకు తగ్గకూడదు, కాయలో రెండు లేదా అంతకు మించి గింజలు ఉండాలి, అర కిలోకు 175 కాయలకు మించకూడదు, నూగు బూడిదరంగులో పలుచగా ఉండాలి. మన మధ్యభారతంలో ప్రసిద్ధమైన నూనె సోయా జె.ఎస్. 335 వంద గింజలు 12 గ్రాముల చుట్టుపక్కలే తూగుతాయి. దాన్ని పచ్చిగా కోసి ఎడమామే అని అమ్మజూస్తే మొదటిసారి కొన్నవారు రెండోసారి రారు. ఇక కోత. మన వేడిలో కాయ సరైన పచ్చిదనంలో ఉండేది కొద్ది రోజులే, ఆ తరువాత పసుపు తిరుగుతుంది. కోసిన గంటల్లోనే చక్కెర తగ్గడం మొదలవుతుంది కాబట్టి తెల్లవారుజామున కోసి, నీడలో చల్లబరచి, అదే రోజు అమ్ముకోగలిగినవారికే ఇది గిట్టుబాటు. ఈ లెక్కన పట్నానికి చేరువలో ఉన్న బుక్కరాయసముద్రం రైతుకున్న వీలు మారుమూల రాయదుర్గం రైతుకు ఉండదు.

విత్తనం గురించి కూడా రెండు మాటలు చెప్పాలి. గింజ ఎంత పెద్దదైతే మన ఎర్రనేలల్లో మొలక అంత కష్టం. చిక్కుడు జాతిలో సోయా, అనుములు పప్పుబద్దలను మట్టి పైకి మోసుకొచ్చి మొలిచేవి. విత్తిన తరువాత గట్టి వాన పడి ఎండ కాస్తే అనంతపురం ఎర్రనేల పైన అట్టకట్టి, ఆ బద్దలు కిందనే విరిగిపోతాయి. మూడు సెంటీమీటర్ల లోతు దాటకుండా విత్తి, వాన తరువాత పై అట్టను దంతెతో పగలగొట్టే పని చేయకపోతే ఖరీదైన విత్తనం మట్టిపాలు. నంద్యాల వైపు నల్లరేగడిలో ఈ బాధ లేదు గానీ, నీరు నిలిచి గింజ కుళ్లే బాధ ఉంది. అన్నిటికంటే పెద్ద చిక్కు నిల్వ. సోయా విత్తనం వేడిలో చాలా తొందరగా మొలకశక్తిని పోగొట్టుకుంటుంది, పెద్ద గింజ మరింత తొందరగా. జనవరిలో కోసి పెట్టుకున్న విత్తనం మన ఏప్రిల్, మే ఎండలు దాటి జూన్‌లో ధ్రువీకరణకు కనీసమైన 70 శాతం మొలక చూపడం కష్టం. గోనెపట్టాలో వంద గింజలు చుట్టి తడిపి చూసుకోకుండా సోయా విత్తరాదని అందుకే అంటారు. ఎన్నడూ సోయా వేయని నేలలో దానికి తగిన రైజోబియం (వేళ్లలో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే సూక్ష్మజీవి) ఉండదు కాబట్టి సోయా కోసమే తయారైన కల్చర్‌ను విత్తనానికి పట్టించాలి; వేరుశనగ కల్చర్ దీనికి పనికిరాదు. తెల్లదోమ మోసే పల్లాకు తెగులు, కాండం తొలిచే ఈగ, పొగాకు లద్దెపురుగు మనకు కొత్త శత్రువులు కావు.

ఇంత చెప్పాక, ఈ పంట వేయాలా అని అడిగేవారికి నా సమాధానం సూటిగానే ఉంటుంది. వేరుశనగ స్థానంలో వర్షాధారంగా వేయడానికి ఇది పనికిరాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో, అది కూడా ఎప్పుడు పడుతుందో తెలియని చోట, పూత నుంచి గింజ నిండే దాకా తడి ఆరకూడని పంటను మెట్టలో నమ్ముకోకూడదు. డ్రిప్పు కింద కొన్ని సెంట్లలో, ఖరీదు ఇచ్చే హోటళ్లతో ముందే మాట్లాడుకుని, జూన్‌లో విత్తి ఆగస్టు చివరికి కోసుకునేవారికి చోటుంది. పగలు పొడవుగా ఉన్న ఆ సమయంలోనే మొక్కకు కాస్త ఎదుగుదల దొరుకుతుంది. రబీలో వేస్తే రబీ కందికి చేసినట్టే దూరం తగ్గించి, మొక్కల సంఖ్య పెంచాలి. మాంసకృత్తుల కోసమే అయితే మరో మాట. వంద గ్రాముల ఉడికించిన ఎడమామేలో సుమారు 11–12 గ్రాములు, పచ్చి కందిగింజల్లో సుమారు 7 గ్రాములు ఉంటాయి. తేడా ఉన్నమాట నిజమే, కానీ కంది మన నేలకు అలవాటైనది, దాని విత్తనం రైతు గాదెలోనే ఉంటుంది.

మీ పేజీలో చోటు దక్కవలసిన మరో పోలిక అనపకాయలది. పాత అనప రకాలు కూడా కురచ పగలు వచ్చే దాకా పూయవు, అందుకే చలికాలంలో తప్ప పితికిపప్పు దొరికేది కాదు. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన హెబ్బాళ్ అవరె 3, 4 రకాలు పగటి నిడివితో నిమిత్తం లేకుండా ఏ కాలంలో వేసినా పూస్తాయి. ఏడాది పొడవునా అమ్ముకునే వీలు వాటివల్ల వచ్చింది, వాసన విషయంలో మాత్రం చలికాలపు నాటు అనపకే నా ఓటు. ఎడమామే చేయగలిగిన పనిలో ఎక్కువ భాగం ఈ కాయలు ఇప్పటికే చేస్తున్నాయి, తక్కువ నీటితో.

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లి వస్తూ సంచిలో ఎన్వీ పొట్లాలు తెచ్చుకునేవారు కూడా మన ఊళ్లలో ఉన్నారు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనం దేశంలోకి తేవడం నేరం. చట్టం మాట అటుంచినా, విత్తనం వెంట వచ్చే వైరస్ తెగుళ్లకు సోయా పేరుపొందినది. ఆ పిల్లలు సియాటిల్‌లోనో లండన్‌లోనో తమ పెరట్లో వేసుకోవాలంటే మాత్రం మీరు వేసిన పట్టిక చక్కగా పనికొస్తుంది; నేల వెచ్చబడ్డాక మే నెలలో విత్తి, మొదటిసారి మిడోరి జెయంట్ లేదా ఎన్వీ పెట్టుకోమని నేనూ చెబుతాను.

కాబట్టి నా విన్నపం ఇది. ఇకమీదట పరాయి ప్రాంతపు రకాల పట్టిక ఏది ప్రచురించినా, ఆ రోజుల లెక్క ఏ అక్షాంశంలో, ఏ నెలలో విత్తినప్పటిదో పక్కన ఒక వరుసలో వేయించండి. రెడ్డిపల్లి, ఊటుకూరు, బనవాసి కృషి విజ్ఞాన కేంద్రాల వారు, కరుణె, స్వర్ణ వసుంధర, ఒక తైవాన్ రకం, ఒక చలిదేశపు రకం పక్కపక్కనే జూన్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి చిన్న మడుల్లో అధికారికంగా తెప్పించిన విత్తనంతో వేసి చూడగలిగితే, ఆ ఫలితాన్ని మీరు ప్రచురించాలి. అందులో పూత వచ్చిన రోజు, మొక్క ఎత్తు, అర కిలోకు తూగిన కాయల సంఖ్య, కోతకు దొరికిన రోజులు ఉంటే చాలు. ఎకరా దిగుబడిని మడి లెక్క నుంచి గుణించి వేయవద్దని మాత్రం మనవి.

ఇట్లు,
విశ్రాంత వ్యవసాయ విస్తరణాధికారి,
అనంతపురం